నరసమ్మత్త నోరు మూయించిన వీడియో

నేను చేసిన వెధవపనుల్లో చాలావాటిని మా ఇంట్లోవాళ్లు మర్చిపోయారు. ఇది మాత్రం నేనే మర్చిపోలేను. అక్కాతమ్ముళ్ల మధ్య ఎనిమిదేళ్లుగా నలుగుతున్న బాధను రెండు నిమిషాల వీడియోతో రెట్టింపు చేసిన ఘనుణ్ని నేను. వినండి, నవ్వండి. నవ్వాక కాస్త జాలిపడినా నాకు అభ్యంతరం లేదు.

రెండు వేల ఎనిమిది ప్రాంతం. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం లేక నర్సీపట్నంలో మా ఇంటి అరుగు మీద కూర్చునే రోజులు. చేతిలో కెమెరా ఉన్న కొత్త సెల్లు. మా నాన్నగారి పాత స్కూటరును స్టార్ట్ చేస్తూ వీడియో తీసి, ఇంటర్నెట్ సెంటరుకెళ్లి నెట్‌లో పెట్టాను. పదకొండు తన్నులు తన్నినా స్కూటరు కదల్లేదు. ప్రపంచం అంతకన్నా కదల్లేదు. మూడు రోజుల్లో దాన్ని చూసింది మూడుసార్లు. అందులో రెండుసార్లు చూసింది నేనే.

ఆ మూడోసారి చూసినవాడు ఇంగ్లీషు అక్షరాల తెలుగులో కామెంటు పెట్టాడు.

"బాబూ, స్కూటరెనకాల పెరుగని కేకేసింది ఎవులు? బలిఘట్టం నరసమ్మేనా? నాను దోహాలో పని సేస్తన్నాను. ఆవిడని ఓపాలి సూపించు. నానడిగినట్టు సెప్పకు."

అవును, నరసమ్మత్తే. రోజూ పొద్దున్నే పెరుగు కుండతో వచ్చి మా వీధి మొదట్లో కేకేస్తే, చివరింట్లోంచి కూడా గిన్నెలు బయటికొచ్చేవి. పరాయి దేశం నుంచి ఒకడు నన్ను వీడియో అడిగాడంటే ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఎందుకడిగాడని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే మీకిప్పుడు ఈ కథ ఉండేది కాదు.

"నరసమ్మత్తా, ఆదివారం నీ వీడియో తీస్తాను. మంచి చీర కట్టుకుని రా."

"నా వీడియో ఎవులు సూస్తారు బాబూ?"

"ప్రపంచం చూస్తుంది."

"ప్రపంచానికి పెరుగు కావాలేటి?"

ఆదివారం కూతురి పెళ్లినాటి పట్టుచీరలో, తల నిండా కనకాంబరాలతో వచ్చింది. మా ఊళ్లో అప్పట్లో కెమెరా అంటే స్టూడియో ఫొటోయే. బిగుసుకుని నిలబడాలి, అంతే. నేనూ ఆవిణ్ని గోడ ముందు నిలబెట్టాను.

"కేకెయ్యనా బాబూ?"

"వద్దత్తా, నోరు మెదపకు. పాడైపోతుంది."

"రెప్పెయ్యొచ్చా?"

"బేగి వేసెయ్."

రెండు నిమిషాలు రేషన్ కార్డులో ఫొటోలా నిలబడింది. మా నాన్నగారు గుమ్మంలోంచి చూసి, "ఆవిడకి ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు. కళ తెలియని మనిషి అనుకున్నాను. కొత్త వీడియో పెట్టి, నా పరువు తీస్తోందని స్కూటరు వీడియోను శాశ్వతంగా చెరిపేశాను.

మర్నాడే కామెంటు వచ్చింది.

"అక్క ఒక్క మాటా ఆడనేదేటి? ఎనిమిదేళ్లయినా నా మీద కోపం పోనేదా? పాత వీడియో ఏదీ? డూటీకెళ్లే ముందు ఆ కేక ఇనీవోణ్ని."

కోపమెక్కడిది? ఆ నోరు మూయించింది నేను! పరుగెత్తుకెళ్లి నరసమ్మత్తకు అంతా చెప్పేశాను. ఆవిడ కుండ దించి వీధిలోనే కూలబడింది. పొలం గొడవలో తమ్ముడితో మాటా మాటా పెరిగి, "నీకూ నాకూ మాటల్లేవు" అన్నదట. అతను చెప్పకుండా వెళ్లిపోయాడట.

"నా గొంతు కోసం ఏడుస్తన్నాడా ఎదవ? తియ్యి బాబూ, బేగి తియ్యి!"

నాలుగు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా తిట్టింది. అన్నం తింటున్నావా అని తిట్టింది. అంత ఎండలో పనేటని తిట్టింది. జొరమొస్తే ఎవులు సూస్తారని తిట్టింది.

వీడియో పెట్టాను. వారమైనా కామెంటు లేదు. ఆవిడ రోజూ "ఏటన్నాడు?" అని అడిగేది, నేను మళ్లీ ఇంటర్నెట్ సెంటరుకు పరుగెత్తేవాణ్ని. వాళ్ల తమ్ముడి కోసం నేనూ అంతగా ఎదురుచూస్తానని అనుకోలేదు. కానీ చూసిన లెక్క మాత్రం రెండొందలు దాటింది. నర్సీపట్నంలో ఆ తిట్లు నెట్‌లో వెతుక్కునేవాడు లేడు, వీధిలోనే దొరుకుతాయి. ఆ రెండొందలూ ఒక్కడివే. ఆ మాటే ఆవిడకు చెప్పాను.

నరసమ్మత్త కళ్లు తుడుచుకుంది.

"రెండొందల సార్లు ఇన్నాడా? మరి అన్నం ఎప్పుడు తింటన్నాడు?"

ఆ రోజే పెరుగు కుండ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. కెమెరా పట్టుకుని ఈ జన్మలో ఇంకెవరినీ నోరు మూసుకోమనను. ఎవరి తిట్ల కోసం ఎవరు ఎక్కడ మొహంవాచి ఉన్నారో నాకేం తెలుసు!