సంసోను ఉపవాసం

మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా ఎంత వెతికినా, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో మాంసం ముట్టని కుక్క ఒక్కటే కనిపిస్తుంది. అది ఎలీషమ్మ పెంచుకున్న సంసోను. దాని ముందు కోడికాలు పెడితే కళ్ళు మూసుకుని, మూడు కీర్తనలు పూర్తయ్యేదాకా తెరిచేది కాదు. సరే, కీర్తనల మాట తీసేద్దాం. కళ్ళు మూసుకోవడం మాత్రం నిజం. కాకపోతే అప్పుడు దానికి నిద్రొచ్చింది.

ఎలీషమ్మ కండ్లకోయలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. శ్రమదినాలు మొదలైతే ఇంట్లో మాంసం వండదు, చేపకు మాత్రం దోషం లేదంటుంది. ఈసారి కుక్కకూ అదే నియమం పెట్టింది. సంసోను సాంబారన్నం మారు మాట్లాడకుండా తినేసరికి ఆమె కడుపు నిండిపోయి, ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యమే చెప్పేసింది. "నోరు లేని జీవి గూడ ఉపాసం ఉంటున్నది, మనకేమైంది?" అని అందరినీ కడిగేసింది. పాస్టరుగారు మురిసిపోయి, వచ్చే వారం సండేస్కూలు పిల్లలకూ ఆ సంగతి చెప్పమన్నారు.

బయటికి రాగానే జాన్సన్ తగులుకున్నాడు. ఆయన ఆమె పక్కింటాయన.

"అక్కా, మీ భక్తుడు పొద్దుగూకంగనే ఎటు పోతుండు?"

"ఏకాంత ప్రార్థనకు పోతుండు. నీ లెక్క పాన్‌డబ్బాకు గాదు."

అనడమైతే అనేసింది గాని, గుండెలో ముల్లు గుచ్చుకుంది. పిల్లల ముందు చెప్పాక అబద్ధమని తేలితే? అందుకే కోడలు షైనిని వెంటబెట్టుకుని మేడ్చల్‌లో కుక్కల సామాన్లమ్మే మహేష్ దుకాణానికి వెళ్ళింది. కుక్క ఎక్కడుందో చూపే జీపీఎస్ పట్టీ కావాలంది.

మహేష్ ముందుగా చిన్న బిళ్ళ తీశాడు. "గిది సస్తా అమ్మా, పైసలు తక్కువ. పక్కన ఎవలదన్న ఫోనుంటెనే జాడ దొరుకుతది."

"ఏకాంతంల ఫోనెవడు పట్టుకొస్తడు? వద్దు."

"అయితే గిది సిమ్ముది. యాడున్నా మ్యాపుల సుక్క కనవడ్తది. రోజూ ఛార్జింగు మాత్రం పెట్టాలె."

"చెర్వుల దుంకితె?"

"నీళ్ళకేంగాదు. ఇగ గీ మూడోది జూడు. మైకున్నది. కుక్క దగ్గరి మాటలు నీకినవడ్తయి, నీ మాటలు కుక్కకినవడ్తయి."

ఎలీషమ్మ కళ్ళు మెరిశాయి. "ప్రార్థన ఇనవడ్తదా?"

"కుక్క జేస్తె ఇనవడ్తది."

షైని కొంగుతో నోరు మూసుకుంది. మూడోదే ఖాయమైంది.

శనివారం సాయంత్రం సంసోను గేటు దాటింది. షైని ఫోనులో చుక్క రోడ్డు దాటి, షామీర్‌పేట దారిలోని కొత్త కాలనీలో దూరి, ఒకచోట ఆగింది. ఎలీషమ్మ మైకు ఆన్ చేయించింది. ప్రార్థన వినిపించలేదు. గిన్నె చప్పుడు, దాని వెనకే కోస్తా గొంతు వినిపించాయి.

"తిను చిట్టిబాబూ, ఇంకో ముక్క వెయ్యనా నాన్నా?"

హాస్టల్లో రెండోసారి పప్పుకొచ్చే పిల్లల్ని ఆపిన గొంతు ఎలీషమ్మ ఒక్కసారి బయటికి తీసింది. "సంసోనూ! ఇడువు!"

అవతల గిన్నె ఎగిరిపడింది.

అత్తాకోడళ్ళు ఆటోలో వెళ్ళేసరికి ఆ ఇంటి ఇల్లాలు అమ్మడు గేటు దగ్గరే వణుకుతూ ఉంది. "ఏవండీ, ఈ కుక్క కంఠంలోంచి ఎవరో ఆడమనిషి అరిచిందండీ!"

"నేనేనమ్మా. గది మా కుక్క. శ్రమదినాలల్ల ఉన్నది. ఏం బెట్టినవ్? చేపనే గదా?" ఆ అడగడంలో ఒక్క జవాబుకే చోటుంది.

అమ్మడు గిన్నెలోకి చూసింది. ఎలీషమ్మ మొహంలోకి చూసింది. "చేపేనండీ."

"చేపకు కాలున్నది అత్తమ్మా," అంది షైని.

ఎలీషమ్మ కుక్కను ఆటో ఎక్కించింది. దారంతా సంసోను పట్టీని వదల్లేదు.

మర్నాడు సండేస్కూల్లో చేపకథ ఆమె నాలుక చివరనే ఉంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పాస్టరుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎలీషమ్మ రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"బిడ్డలారా, సంసోను తప్పిండు. కోడికాలు తిన్నడు. తెల్వక నేనే ఎక్కువ జెప్పిన."

పిల్లలంతా కుక్కకు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో శ్రమదినాల ఆకలి తెలియనివాళ్ళు లేరు. ఆ సాయంత్రం నుంచి అమ్మడు తన చిట్టిబాబుకు పెరుగన్నం పంపుతోంది. చిట్టిబాబు దాన్ని వాసన చూసి వదిలేస్తున్నాడు.

ఈ కథంతా ఎలీషమ్మకు చదివి వినిపిస్తే ఆమె చేటలో బియ్యం ఏరడం కూడా ఆపలేదు.

"అంత ఉత్తదే. గసొంటిదేం గాలే. కుక్కలు యాడనన్న ఉపాసముంటయా?"