ఆరో పుస్తకంలో మెక్సికో

మా తాత రాసిపెట్టిన అమ్మవారి కథలో ఆరోనాడు మధ్యాహ్నం రాకాసి చావాలి. మూడు తరాలుగా వాడు ఏటా ఠంచనుగా చస్తూనే ఉన్నాడు. ఒకే ఒక్క ఏడు మాత్రం సాయంత్రం అయిదు దాటినా నిక్షేపంగా బతికి ఉన్నాడు. ఒక ఊరు ఊరంతా వాడి చావు కోసం పస్తుండి ఎదురుచూసింది. ఆ ఘనకార్యం చేసినవాణ్ణి నేనే. ఎలా చేశానో చెబుతాను, మీరు ధారాళంగా నవ్వుకోవచ్చు. మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఎనభైల నడుమ మాట. నాకు ఇరవై మూడేళ్లు, తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తాను. మా నాయన తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు. ఎండాకాలం వస్తే నగరి పక్కనున్న ఒక నేతవాళ్ల ఊళ్లో, వాన కోసం, ఏడు మధ్యాహ్నాలు అమ్మవారి కథ చెప్పడం మా వంశానికి వచ్చిన హక్కు. రోజుకొక పుస్తకం చొప్పున ఏడు పుస్తకాలు. అన్నీ తాత చేతిరాతే, అన్నింటికీ ఎర్ర కాలికో గుడ్డ అట్టలు. ఆరోనాడు పొద్దుటినుంచి ఆ ఊళ్లో ఎవరూ పొయ్యి ముట్టించరు. పందిరి ముందు మట్టితో చేసిన రాకాసి వెల్లకిలా పడుకుని ఉంటాడు. కథలో రాకాసి చచ్చిన క్షణాన, అమ్మవారి వేషం కట్టిన మనిషి వచ్చి మట్టి రాకాసి పొట్ట నరుకుతాడు. ఆ తర్వాతే పానకం, ఆ తర్వాతే అన్నం. ఈ వరస గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోయింది దీన్నే.

ఇక వీటితో సంబంధం లేని ఇంకో పుస్తకం సంగతి. తిరుపతి బస్టాండు దగ్గర పాత పుస్తకాలవాడి దగ్గర ఒక లావాటి ఇంగ్లీషు నవల దొరికింది. అట్ట లేదు, పేరు లేదు, రాసినవాడెవడో తెలీదు. మెక్సికో దేశంలో, తెల్లవాళ్లు అడుగుపెట్టకముందు బతికిన అజ్టెక్‌ల కథ. పేజీ తిప్పితే రక్తం. మెట్లమెట్లుగా కట్టిన గుళ్లు, ఆ మెట్లెక్కించి మనుషుల్ని రాతి బండ మీద పడుకోబెట్టి, నల్లరాతి కత్తితో రొమ్ము చీల్చి గుండె తీసి సూర్యుడికి చూపించే పూజారులు. ఉల్లిపాయ కూడా తరగని ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు ఒళ్లు జలదరించాలి గదా. జలదరించింది. జలదరిస్తూనే అన్నం దగ్గర చదివాను, బస్సులో చదివాను, ఆఫీసులో ఫైలు మధ్య పెట్టుకుని చదివాను. కుదురుండేది కాదు. పుస్తకం చేతిలో లేనప్పుడు కాళ్లు వాటంతటవే ఊగేవి. టీ వేళకు మా సెక్షన్‌లో నలుగురూ నా చుట్టూ చేరి, "ఈ పొద్దు ఎవుర్ని కోసినారు?" అని అడిగేవాళ్లు. అంత ప్రేమగా నేను ఏ పుస్తకాన్నీ చదవలేదు. ఎందుకంత ప్రేమో అడక్కండి, నాకే తెలీదు.

నాయనకు నవలలంటే పడదు. ఇంగ్లీషు నవలంటే అసలు పడదు. అందుకని నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. తాత పుస్తకాలకు అట్టలు కట్టే బైండరు దగ్గరికే పోయి, ఆ నవలకు కూడా అచ్చం అలాంటి ఎర్ర కాలికో అట్ట వేయించాను. తెచ్చి ఆ ఏడు పుస్తకాల వరసలోనే ఎనిమిదోదిగా నిలబెట్టాను. దేవుడి గూట్లో దొంగసొత్తు ఎవరు వెతుకుతారు? నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఏడు అయిదు రోజులు కథ చెప్పేసరికి నాయన గొంతు పూర్తిగా పోయింది. ఆరోనాటి పొద్దున నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పలక తెచ్చుకుని బలపంతో రాశాడు: "నువ్వు పోయి చదువు."

"నేనా? నాకు రాదు నాయనా."

"తాత అంతా రాసిపెట్టినాడు. చూసి చదివితే చాలు. కథ తప్పితే హక్కు తప్పుతుంది." ఆ చివరి మాట కింద రెండు గీతలు గీశాడు.

బస్సుకు టైమైపోతోంది. ఆ పొద్దున పది నిమిషాలు నవల చదువుకుని, అలికిడికి కంగారుపడి, ఏ సందులో దూర్చానో చూడకుండా గూట్లో పెట్టేశాను. ఇప్పుడు చివరినుంచి రెండోది ఆరో పుస్తకమే గదా అని లాగి సంచిలో వేసుకుని పరిగెత్తాను. చివరినుంచి లెక్కపెడితే ఎనిమిదింటిలో రెండోది ఏడోది అవుతుందని కూడా తట్టలేదు. ఆ రోజు నా ఖర్మకొద్దీ అది ఏడోది కూడా కాదు.

పందిరి నిండా జనం. ఊరి పెద్ద మునిరత్నం నన్ను చెయ్యిపట్టి పీట మీద కూర్చోబెట్టాడు. మొదటి వరసలో కుప్పమ్మవ్వ, నీళ్లు కూడా ముట్టకుండా. దణ్ణం పెట్టి పుస్తకం తెరిచాను. ఇంగ్లీషు.

కథ నాకు నోటికి కొంత వచ్చు. పుస్తకం మూసి, వచ్చింది చెప్పి, రాకాసిని చంపి గట్టెక్కవచ్చు. బుద్ధున్నవాడు అదే చేసేవాడు. కానీ తెరుచుకున్న పేజీ నేను పొద్దున ఎక్కడ ఆపానో సరిగ్గా అక్కడిది. పట్టుబడ్డ ఒక కుర్రాణ్ణి ఏడాదిపాటు దేవుడిలాగా పూజిస్తారు. పూలదండలు, విందులు, వాయించుకోవడానికి పిల్లంగోవులు. ఏడాది నిండిన రోజున వాడు గుడి మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ, మెట్టుకొక పిల్లంగోవి విరిచి పారేస్తూ పైకి పోవాలి. పైన కత్తి పట్టుకుని పూజారి. కుర్రాడు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఒక్క పేజీ చూద్దామనుకున్నాను. ఒట్టు, ఒక్కటే.

"ఏం సిన్నసామీ," అని మునిరత్నం గొంతు వినబడింది. "నీకు నువ్వే సదువుకుంటా ఉండావు. మాకూ సెప్పప్పా."

అప్పటికి నాలుగు పేజీలు తిప్పేశాను. తలెత్తితే అన్ని మొహాలూ నన్నే చూస్తున్నాయి. నోటికొచ్చింది అనేశాను. "ఆ కాలంలో రాకాసి ఏలుబడిలో ఒక పిల్లవాడు ఉండేవాడు."

అంతే, గేటు ఎత్తేశాను. మెక్సికో అంతా రాకాసి రాజ్యమైపోయింది. పూజారి రాకాసి మంత్రి అయ్యాడు. నేను చదువుతూ, తెలుగు చేస్తూ, మధ్యలో చేతులు తిప్పుతూ చెప్పాను. నల్లరాతి కత్తి దగ్గరికి వచ్చేసరికి మగ్గాలవాళ్లు నలుగురు మోకాళ్ల మీద లేచి కూర్చున్నారు.

"ఈ పిలగోడు పోయినేడు లేడే?" అంది కుప్పమ్మవ్వ.

"నాయన తొందరలో వదిలేస్తాడవ్వా. తాత పుస్తకంలో ఉన్నాడు."

"అయ్యో, ఇంత ముఖ్యమైనోణ్ణి వదిలేస్తారా? వానికి అమ్మ ఉండాదా?"

నవలలో లేదు. అవ్వ మొహం చూసి, "ఉందవ్వా" అన్నాను.

అయిదు కావస్తోంది. అమ్మవారి వేషం కట్టిన మనిషి వీపుకు ఆరు కొయ్య చేతులు కట్టుకుని, కత్తి పట్టుకుని, పందిరి గుంజ పక్కన రెండు గంటలుగా నిలబడి ఉన్నాడు. మెల్లగా నా దగ్గరికి వచ్చి వంగాడు.

"సామీ, సేతులు పీక్కపోతా ఉండాయి. వాడు సచ్చేదెప్పుడు?"

"ఎవడు?"

"ఎవడేందబ్బా. రాకాసి."

అప్పుడు గుర్తొచ్చింది. వేల మైళ్ల అవతలినుంచి దబ్బున వచ్చి ఆ పీట మీద పడ్డాను. పొద్దుటినుంచి ఊరు ఊరంతా పస్తు. వంశం హక్కు, పలక మీద రెండు గీతలు. గొంతు సవరించుకుని ఒక్క గుక్కలో అన్నాను. "అంతలో అమ్మవారు వచ్చి రాకాసిని చంపేసింది."

చప్పట్లు లేవు, పానకం కోసం ఎవరూ లేవలేదు. ఆరు చేతుల మనిషి కత్తి ఎత్తి, ఎవరూ తనవైపు చూడటంలేదని గమనించి, దించేశాడు.

"వాడు సావనీలేప్పా," అన్నాడు మునిరత్నం విసుగ్గా. "ఆ పిలగోడు ఏమైనాడు? ఇంగ ఒక మెట్టే గదా ఉండేది."

నాకూ అదే కావాలి. ఆత్రంగా పేజీ తిప్పాను. ఎర్ర కాలికో అట్ట. చివరి పేజీలు అసలు లేవు. కొన్నప్పుడు చూసుకోలేదు, బైండరు అడగలేదు. కుర్రాడు చివరి మెట్టు మీద, చేతిలో చివరి పిల్లంగోవితో, అలాగే నిలబడిపోయాడు.

"రేపు చెబుతాను," అని పుస్తకం సంచిలో కుక్కుకుని లేచాను. అప్పటికి అయిదు దాటింది. మట్టి రాకాసిని నరికిన చప్పుడు బస్సు ఎక్కుతుండగా వినబడింది. నరకడంలో ఏమాత్రం ఉత్సాహం లేదు.

మర్నాడు మొదటి బస్సుకే మునిరత్నం మా ఇంటికి వచ్చాడు. హక్కు పోయిందనే అనుకున్నాను. మూడు తరాలది నా కాళ్లూగే జబ్బుతో పోయిందని ఏడుపొచ్చింది.

"సామీ," అన్నాడు నాయనతో. "ఆడోళ్లు నిన్న అన్నం సగం సగం తినినారు. ఆ పిల్లంగోవి పిలగోని సంగతి తేలాల. ఈ పొద్దు కూడా సిన్నసామినే పంపించు."

నాయన పలక మీద రాశాడు: "ఏ పిల్లంగోవి?"

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. మునిరత్నాన్ని కాఫీకి కూర్చోబెట్టి, నాయనను లోపలికి పిలిచి, ఎర్ర అట్ట తెరిచి చూపించి మొత్తం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. గొంతు లేదు గదా. పలక తీసుకుని రాయబోయి, ఏం రాయాలో తోచక పక్కన పెట్టేశాడు. నన్ను కొట్టినా అంత సిగ్గయ్యేది కాదు.

ఏడోరోజు ఆయనే బయల్దేరాడు. నేను పక్కన కూర్చుని చదివాను, సరైన పుస్తకమే. ఆయన వేలు పెట్టి చూపించిన చోట ఆగాను. మంగళహారతి అయిపోయింది. కుప్పమ్మవ్వ కదల్లేదు.

"సామీ, ఆ పిలగోడు?"

జనమంతా ఆగిపోయారు. తాత రాయని మాట ఒక్కటి కూడా ఆ పీట మీద ఎన్నడూ పలకని మనిషి మా నాయన. నీళ్లు తాగి, బొంగురు గొంతుతో, కష్టపడి అన్నాడు.

"వానొచ్చినాదవ్వా. మెట్లు తడిసి పూజారి జారి పడినాడు. పిలగోడు దిగొచ్చి వాళ్లమ్మ కాడికి పోయినాడు."

అవ్వ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. పానకం బిందెల దగ్గర తొక్కిసలాట మొదలైంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఒప్పుకుంటాను.

తిరుగు బస్సులో నాయన కిటికీవైపు చూస్తూ కూర్చున్నాడు. పుత్తూరు దాటాక నా చెవి దగ్గరికి వంగాడు.

"నిజంగా ఏమైనాడురా వాడు?"

"తెలీదు నాయనా. పేజీలు లేవు."

ఆయన కాళ్లవైపు చూస్తే, రెండూ ఊగుతున్నాయి. రేణిగుంట దాకా ఊగుతూనే ఉన్నాయి. తర్వాత మళ్లీ వంగాడు.

"ఆ పాత పుస్తకాలోడు ఏ పొద్దుకు అంగడి కట్టేస్తాడు? ఇంగోటి ఉండాదేమో అడుగుదాం పద."

ఇంకోటి లేదు. ఇద్దరం మూడు ఎండాకాలాలు వెతికాం. అందుకే ఆ అమ్మవారి సాక్షిగా, తాత చేతిరాత సాక్షిగా, అప్పుడే ఒక ప్రతిజ్ఞ చేశాను, ఇప్పటికీ తప్పలేదు. చివరి పేజీ ఉందో లేదో చూసుకోకుండా ఏ పుస్తకాన్నీ ఈ జన్మలో నాయన పుస్తకాల మధ్య దాచను.