తలుపుల్లేని పరలోకం

చదివే పెద్దలందరికీ వందనాలు. నేను అయిదో తరగతి దాకా పోయినాను, అది కూడా పూర్తిగా కాదు. ఒత్తు యాడ పెట్టాల, దీర్ఘం యాడ తియ్యాల అనేది నాకు ఇప్పటికీ అనుమానమే. నోటికి వచ్చింది వచ్చినట్టే రాస్తా ఉండాను. మా చిన్నకూతురు "రాయి మా, ఏమవుతాది, ఎవురూ కొట్టరులే" అంటే ధైర్యం చేసినాను. నవ్వొస్తే నవ్వుకోండి, మధ్యలో మాత్రం ఆపేయబాకండి.

ఆ రోజుల్లో మాకు పరలోకం చానా దగ్గర్లో ఉన్నట్టు ఉండేది. ఉదయగిరిలో బస్సెక్కితే ఆత్మకూరులో దిగినట్టు, అంతే దూరం అనుకునేవాళ్ళం. తొంభైల్లో మాట ఇది. ఆత్మకూరు పిల్లని నేను, ఉదయగిరి కొండ కింద ఒక పాలేనికి కోడలిగా వచ్చినాను. అత్తామామలు నేను కాపరానికి రాకముందే పోయినారు. మా ఇంటాయన్నీ, వాళ్ళన్ననీ సాకి పెద్ద చేసింది వాళ్ళ నాయనమ్మ. మేమంతా అవ్వ అంటాం. మా బావ, అంటే మా ఇంటాయన అన్న, ఇండ్లు కట్టే బేల్దారి మేస్త్రీ. ఆత్మకూరులో సగం ఇండ్లకి ద్వారబంధాలు నిలబెట్టింది ఆయనే. బైబిలు వాక్యం బాగా చదివేవాడు. చదివితే ఊరుకునేవాడు కాదు, దాన్ని కట్టి చూపించాల ఆయనకి. (మేస్త్రీ బుద్ధి గదా.)

ఒక క్రిస్మస్‌కి మా పాలెంలో రెండు వీధులోళ్ళు కొట్లాడుకున్నారు. దేనికనుకున్నారు? గుడి మీద కట్టే కాగితం నక్షత్రం ఏ వీధి పక్కకి తిరిగి ఉండాల అని. శాంతి కోసం పుట్టినాయన పండగ నాడు ఒకరి చొక్కాలు ఒకరు చించుకున్నారు. మా బావ ఆ రోజు అన్నం ముట్టలేదు. తెల్లారినాక అవ్వ దగ్గర కూర్చోని "అవ్వా, ఈ ఊర్లో ఉంటే మనకి పరలోకం రాదు. నీ కళ్ళుండంగానే నీకు చూపిస్తా చూడు" అన్నాడు. అవ్వ తమలపాకు నములుతా "నాకేం తొందర్లేదురా అబ్బయ్యా, ఎట్టా పోయేదే గదా" అనింది.

బావ వినలేదు. కొండ కింద ఆయన గట్టు చేను ఉండింది. మేమూ వాళ్ళూ ఇంకో నాలుగైదు కుటుంబాలూ పోయి ఆడ గుడిసెలేసుకున్నాం. మొదటి శిష్యులు ఉన్నట్టు ఉండాల అన్నాడు. అందరికీ ఒకటే పొయ్యి. ఎవురూ ఎవుర్నీ తిట్టకూడదు. ఇంక మూడోది వినండి. బైబిల్లో చెప్పిన పరిశుద్ధ పట్టణానికి గుమ్మాలు ఎప్పుడూ మూయరంట, అందుకని మా గుడిసెలకి తలుపులు ఉండకూడదు! ఊరందరికీ తలుపులు పెట్టిన మేస్త్రీ సొంత పరలోకానికి తలుపు వద్దన్నాడు.

పక్క బీడు భూమిలో గొర్రెలు మేపే ఆయన ఒకడు వచ్చి అన్ని గుడిసెలూ తిరిగి చూసి "ఏంది మేస్త్రీ, తలుపులు మర్చిపోయినావా? కూలి ఇయ్యలేదా ఎవురన్నా?" అన్నాడు. బావ నవ్వి "నువ్వూ రా, నీకూ చోటుండాది" అన్నాడు. "నేనొస్తే నా గొర్రెలూ వస్తాయి, చూసుకో" అనేసి పోయినాడు. (ఆయన రాలేదు గానీ గొర్రెలు మాత్రం రోజూ వచ్చినాయి.)

అయితే అవ్వ రానంటే రానని కూర్చునింది. "తలుపు లేని ఇంట్లో నేనుండను. తలుపు పెట్టు, వస్తా." బావేమో తలుపు పెడితే ఇంక అది పరలోకం ఎట్టా అవుతాది అంటాడు. అవ్వకి చూపించాలనే గదా ఇదంతా కట్టింది, ఆ అవ్వే రాకపాయె. ఆయన ప్రతి ఆదివారం పాలేనికి పోయి అడగడం, ఉత్త చేతుల్తో తిరిగి రావడం. ఆయన మొహం చూస్తే మాకు అన్నం దిగేది కాదు.

కానీ అబద్ధం ఎందుకు, మొదట్లో ఎంత బాగుండిందో! ఒకే సంగటి కుండ చుట్టూ అందరం కూర్చోని తింటా ఉంటే నాకు మా పుట్టిల్లు కూడా గుర్తొచ్చేది కాదు. కష్టమల్లా తిట్టకూడదు అనే దానితోనే వచ్చింది. మా వైపు జనానికి "ఏందిరా" అనకుండా మాట మొదలు పెట్టడమే రాదు. మొదటి రెండు రోజులు అందరం మూగోళ్ళమైపోయినాం. మా తోడికోడలు, నేను అక్కా అంటాను, ఆమె నోరు కట్టేసుకోని జొరం తెచ్చుకునింది. అప్పుడు బావే ఒక దారి చూపినాడు. చేను అంచున చింతచెట్టు ఉండాది, అది దాటితే మన హద్దు కాదు, తిట్టాలనిపిస్తే ఆడికి పోయి తిట్టుకోండి అన్నాడు. ఇంక చూడండి, సాయంత్రం అయితే చింతచెట్టు అవతల తిరణాలే! ఆడోళ్ళం వరసగా నిలబడి ఎవురి మొగుణ్ణి వాళ్ళం తిట్టుకోని, మొహం కడుక్కోని, పాటలు పాడుకుంటా పరలోకానికి తిరిగొచ్చేవాళ్ళం.

ఒకసారి మా పరలోకం చూడాలని ఆత్మకూరు నుంచి పాస్టరు అయ్యగారు వచ్చినాడు. కోడిని కోసినాం. అయ్యగారు కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తా ఉంటే తలుపు లేని వాకిట్లోంచి కుక్క దర్జాగా వచ్చి, కూర బోకిలో మూతి పెట్టేసింది. బావ దాన్ని కూడా తిట్టకూడదు గదా! చేతులు జోడించి "పో నాయనా, తప్పమ్మా, పో" అంటా ఉండాడు. కుక్క ఆయన్నే చూస్తా ముక్కలు నమలతా ఉండాది. అక్క ఆగలేక చింతచెట్టు దాకా పరిగెత్తి, దాటినాక గొంతెత్తి తిట్టింది. అప్పటికి కుక్క తిని నిద్రపోయింది కూడా. అయ్యగారు ఆ పూట చింతపండు చారుతో అన్నం తిని "దేవుని కార్యాలు విచిత్రములు" అనేసి బస్సెక్కినాడు.

ఆ మరుసటి వారమే మా ఇంటాయన తాటాకు తడిక ఒకటి అల్లి మా వాకిలికి ఆనించినాడు. "ఇది తలుపు కాదన్నా, ఎండకి అడ్డం" అన్నాడు. బావ దాన్ని ఒకసారి చూసి నీళ్ళకి పోయినాడు. పక్కింటాయన కుక్కకి అడ్డమని పెట్టినాడు. ఆ పక్కాయన గొర్రెలకి అడ్డమని. ఒకాయన అయితే తడికకి తాళం వేసినాడండీ! ఒక చేత్తో ఎత్తి పక్కన పెట్టగల తడికకి తాళం! వానలు పడే నాటికి తడిక లేని గుడిసె బావది ఒక్కటే. పొయ్యిలు కూడా ఎవురిది వాళ్ళకి వచ్చేసినాయి. చింతచెట్టు దాకా ఎవురూ పోవడం లేదు, ఇంట్లోనే తిట్టుకుంటా ఉండాం.

తడికలు పెట్టినారంట అని ఎవురో చెప్తే, ఒక మధ్యాహ్నం అవ్వ మూట నెత్తిన పెట్టుకోని, ఇత్తడి చెంబు చేత్తో పట్టుకోని, నడుచుకుంటా వచ్చేసింది. అందరం తడికలు కట్టుకోని లోపల కునుకు తీస్తా ఉండాం. మూసిన వాకిలి ముందు నిలబడి పిలవడం అవ్వకి ఎప్పుడూ అలవాటు లేదు. ఒక్కో గుడిసే దాటుకుంటా పోయి పోయి బావ ఇంట్లోకి నేరుగా దూరింది. మాటలు వినపడి మేం లేచి పోయేటప్పటికి మూట దించి కూర్చోనుండాది. బావ బిత్తరపోయి "తలుపుంటేనే వస్తానంటివే అవ్వా?" అన్నాడు. అవ్వ మా అందరి మొహాలూ చూసి "తలుపు కావాలన్నాను గానీ, వేసిన తలుపు కావాలన్నానారా?" అనింది. మా ఇంటాయన తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను.

ఆ వానలకి గాలి సూదుల్లాగ కొట్టేది. అవ్వకి దగ్గు పట్టుకునింది. ఒక రోజు పొద్దున్నే బావ తాటాకులు కొట్టుకొచ్చి వాకిట్లో కూర్చోని అల్లడం మొదలుపెట్టినాడు. టేకు ద్వారబంధాలు నిలబెట్టిన చేతులు తాటాకుతో తడబడతా ఉండాయి. కండ్లు తుడుచుకుంటా "ఓడిపోయినానవ్వా" అన్నాడు. అవ్వ దగ్గు ఆపుకోని అనింది, "ఓడిపోయేదేందిరా? పైనాయన తెచ్చే పరలోకాన్ని నువ్వు మోసుకొస్తానంటే నడుం ఇరగదా? నాకు గాలి తగలకుండా చూడు, అది చాలు నీకు." బావ తడిక కట్టినాడు. కానీ పగలు మాత్రం తీసే ఉంచేవాడు.

ఆ తడిక చాటునే అవ్వ ఆ చలికాలం కన్ను మూసింది. తర్వాత ఒకరెనక ఒకరు పాలేనికి తిరిగొచ్చేసినాం. పోయినసారి ఆ పక్కకి పోతే గుడిసెలున్న చోట కంప చెట్లు మొలిచి ఉండాయి. చింతచెట్టు ఉండాది. దాని కింద కూర్చోని ఏడ్చినాను. పరలోకం కట్టలేకపోయినందుకు కాదు, ఆ ఒకే సంగటి కుండని నిలుపుకోలేకపోయినామే అని. అది మన చేతిలో పనే గదా. నక్షత్రం గొడవ మాత్రం పాలెంలో ఇంకా తీరలేదు.

ఇప్పుడు మేం ఆత్మకూరులో ఉండాం. మా ఇంటికి ద్వారబంధం నిలబెట్టింది బావే, ఆయన చేసిన ఆఖరు పని అదే. ఇప్పుడు కండ్లు సరిగా కనపడవు ఆయనకి, చెయ్యి పట్టుకోని తీసుకురావాల. ఆయన వచ్చేటప్పటికి వాకిలి మూసి ఉండకూడదని మధ్యాహ్నం నేను తలుపు వెయ్యను. మొన్న కుక్క దూరి చేపల పులుసు తాగిపోయింది. మా కూతురు "తలుపేసుకోవచ్చు గదా మా" అని కేకలేసింది. నేను దొడ్డి పక్కకి పోయి, గోడ దాటినాక, ఆ కుక్కని కడుపారా తిట్టి, నాలో నేనే నవ్వుకోని, మొహం కడుక్కోని వచ్చినాను.

ఇంతే నాకు రాయడం వచ్చింది. అక్షరాలు వంకర పోయుంటే, మాట ముందుది వెనక అయ్యుంటే, ఇంట్లో పెద్దామె చెప్పిందనుకోని మన్నించండి.