ఒక్కసారే రాసే చిప్

“ఒక్కసారి రాస్తే చెరగనిది చవగ్గా దొరుకుతుంటే, చెరిపి రాసుకునేదానికి అంత పోస్తానంటావేమే?”

“తప్పు రాస్తే దిద్దుకోవాలి కద మామ్మా.”

“తప్పు రాయకు.”

“మీరు రాసి చూడండి, తెలుస్తుంది.”

ఇంజినీరింగు చదివే మా మనవరాలు, కొల్లేటి పక్కనున్న మా చేపల చెరువు కోసం ఒక పెట్టె చేస్తోంది. తెల్లవారుజామున నీళ్లలో గాలి తగ్గే వేళకి అది నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లను తనంతట తానే తిప్పాలి. ఏలూరు కొట్లో చూసొచ్చిన రెండు చిప్‌లూ ఖాళీవేనట, పనేమిటో మనమే అందులో రాయాలట. ఖాళీవి ఎందుకు అమ్ముతారో నాకు బోధపడలేదు. స్టీలు బిందె మీద పేరు కొట్టించడం లాంటిదే కాబోలు అనుకున్నాను. కొట్టించిన పేరు ఎవరు చెరుపుకుంటారు? చవకదే కొనిపించాను. మనవరాలు రాసింది, సాయంత్రం పెట్టె చెరువు గట్టున బిగించింది.

మర్నాడు తెల్లవారేసరికి ఏరేటర్లు ఆగి ఉన్నాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. తిప్పాల్సిన వేళకి ఆపమని రాసేసిందట. పరుగున వెళ్లి చేత్తో స్విచ్చి వేసింది. కాసేపటికి చేపలు కిందికి దిగాయి.

“ఇది దిద్దలేమా?” అని అడిగాను.

“దిద్దలేం మామ్మా.”

చెరిపి రాసుకునే ఆ రెండో చిప్‌కి డబ్బులిచ్చి మనవరాలిని ఏలూరు బస్సెక్కించాను.