పెన్న దాటిన వెడల్పు టైర్లు

మొన్న ఒక ఆదివారం నేను కర్నూలులోనే ఉంటున్న మా అక్కను చూసి వద్దామని వెళ్ళి, వాళ్ళ వసారాలో కూర్చొని పేపరు తిరగేస్తున్న వేళకు, నా మేనల్లుడు తన కొత్త జీపు బండికి టైర్లు మార్పించుకొని వచ్చి వాకిట్లో నిలిపాడు. అతనికి ఓర్వకల్లు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు దొరికితే స్నేహితులతో కలిసి అక్కడి రాళ్ళ గుట్టల చుట్టూ దారి లేని చోటల్లా బండి తోలడం ఈమధ్య పట్టుకున్న సరదా. కంపెనీ వేసి ఇచ్చిన చక్రాలను అట్లాగే ఉంచి, వాటికి రాయీ రప్పా, బురదా ఇసకా అన్నిట్లో పోయే వెడల్పాటి టైర్లు ఎక్కించాడు. ఈ రిమ్ముకు ఒక సైజు తక్కువదే సరిపోతుంది, లేదంటే రిమ్ములు కూడా మార్చుకోండి అని షాపాయన చెప్పాడట కానీ, ఆ చక్రాల అందం పోతుందని మావాడు ఒప్పుకోలేదట. దగ్గరికి పోయి చూస్తే టైరు పక్కభాగం రిమ్ము అంచును దాటి, తిన్న పొట్టలాగా బయటికి ఉబికి ఉంది.

అక్క లోపలి నుంచి వచ్చి, మెట్ల మీద ఒక్క క్షణం ఆగి, తర్వాత వంగి ఆ ఉబ్బు మీద అరచెయ్యి ఆనించింది.

"గాలి ఎంత పెట్టిచ్చినావురా?"

"నిండుగానే ఉండాదిలేమా. నువ్వేంది, పంచరు షాపు పెట్టుకున్నట్ల అడుగుతాండావు?" అని నవ్వాడు వాడు. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. ఆ ప్రశ్న వెనక ఏముందో ఆ వాకిట్లో ఉన్నవాళ్ళలో ఆమెకూ నాకూ తప్ప తెలియదు.

పాతికేళ్ళ పైమాట. నేను అప్పుడు కడప జిల్లాలో ఒక దినపత్రికకు విలేకరిని. రాసిన వార్తలు కవర్లో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చి, అవి చేరాయో లేదో మరునాడు పేపరు చూసి తెలుసుకునే కాలం. నా ఈడు వాళ్ళకు ఆ బస్టాండు నిరీక్షణలు గుర్తుంటాయి. అక్కను ఇచ్చిన ఊరు పెన్నకు అవతలి గట్టున ఉండేది. ఎర్రగుంట్లకు రావాలన్నా, కడపలోని మా ఇంటికి రావాలన్నా ఏరు దాటాలి. ఏరంటే నీళ్ళు కాదు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే. వంతెన మీదుగా రావాలంటే చుట్టూ తిరిగి సగం పూట పోగొట్టుకోవాలి. నడవగలిగినవాళ్ళు నడిచి దాటేవాళ్ళు, ముసలివాళ్ళనూ జబ్బుచేసిన వాళ్ళనూ ఎద్దుల బండ్లలో తెచ్చేవాళ్ళు.

మా బావకు నాపరాళ్ళ గనిలో భాగం ఉండేది. ఆయన జీపుకు అన్నలాంటి ఒక పెద్ద బండి కొన్నాడు. కొన్న కొత్తలోనే అది నడి ఏట్లో ఇరుసుల దాకా కూరుకుపోతే ఊరివాళ్ళు ఎద్దులు కట్టి లాగారు. దాయాదులు గట్టు మీద నిలబడి చూసి నవ్వారు. ఆ నవ్వు ఆయనకు శానా రోజులు నిద్ర పట్టనివ్వలేదని అక్క చెప్పేది. ఆ తర్వాతే ఎవరో చెబితే విని, ఎక్కడి నుంచో వెడల్పు టైర్లు తెప్పించి, ఉన్న చక్రాలకే ఎక్కించాడు. బండి ఊళ్ళోకి వచ్చిన రోజు రచ్చబండ మీది పెద్దమనిషి ఒకాయన, "ఏమప్పా, బండికి ఎనుము కాళ్ళు పెట్టిచ్చుకోనొచ్చినావే!" అన్నాడట. ఎనుమంటే మా వైపు గేదె. "ఎనుమైతే ఏటి ఇసకలో నడుస్తాదిలేప్పా, దిగబడేది మీ గుర్రాలే" అని బావ జవాబు. ఆ మాట ఊళ్ళో చాలాకాలం తిరిగింది.

నిజంగానే ఆ బండి ఇసక మీద తేలినట్టు పోయేది. దానికొక పద్ధతి ఉండేది. గట్టు దిగకముందే బావ బండి ఆపి, ఒక వేప పుల్లతో నాలుగు టైర్ల గాలీ సగానికి పైగా వదిలేసేవాడు. గాలి తగ్గితే టైరు పరుచుకొని ఇసకను తొక్కుతుంది గానీ తవ్వదు. ఇవతలి గట్టెక్కగానే రోడ్డు మొదట్లో ఒక సాయిబు పంచరు అంగడి. అక్కడ మళ్ళీ గాలి నిండా పట్టించి గానీ బండిని రోడ్డు మీదికి తెచ్చేవాడు కాదు. ఇరుకు చక్రానికి వెడల్పు టైరు కదా, గాలి నిండుగా ఉన్నంతసేపే దాని అంచు రిమ్మును పట్టుకొని ఉంటుందనీ, గాలి తక్కువగా ఉండి మలుపులో వడిగా తిప్పితే ఊడి వస్తుందనీ ఆయనకు బాగా తెలుసు. ఎవరైనా తొందరపెడితే, "ఏట్లో మెత్తగా, రోడ్డు మీద గట్టిగా. అట్ల కాకుంటే నా బండి ఎక్కొద్దండప్పా" అనేవాడు. ఆస్పత్రికి పోయేవాళ్ళనూ పరీక్షలకు పోయే పిల్లలనూ ఎందరినో ఆ పద్ధతిలోనే దాటించాడు.

మా అమ్మ ఒక శుక్రవారం తెల్లవారుజామున పోయింది. అక్క వాళ్ళ ఊళ్ళో ఫోను ఒకే ఒక్క ఇంట్లో ఉండేది. ఆ ఇంటివాళ్ళు పొలానికి పోయి ఉండడంతో కబురు అందేసరికి పొద్దెక్కింది. అక్క కట్టుబట్టలతో బయల్దేరింది. అయితే మా సీమలో చావుకు పోయే బండిలో చోటు లేదనే మాట ఎవరూ నోట రానివ్వరు. అమ్మను ఎరిగిన ముసలమ్మలూ, వియ్యాలవారి తరఫు పెద్దలూ ఒకరి ఒడిలో ఒకరు కూర్చున్నట్టు ఎక్కారు. బావ ఎవరినీ దిగమనలేదు. ఏరు దాటారు. గట్టెక్కి చూస్తే పంచరు అంగడి మూసి ఉంది. సాయిబు జుమ్మా నమాజుకు పోయాడు. కాలి పంపుతో అంత లావు టైర్లను నింపడం అయ్యే పని కాదు. బావ బండి ఆపి, అంగడి ముందు నిలబడి దారి చూశాడు. లోపల ముసలమ్మలు ఏడుపు అందుకున్నారు.

ఇక్కడ కడపలో మా ఇంటి ముందు ఎండ వసారా దాకా పాకింది. అమ్మను వాకిట్లో పడుకోబెట్టి, కూతురు రావాలని అందరం ఎదురు చూస్తున్నాం. కడుపున పుట్టిన ఆడబిడ్డ కడసారి ముఖం చూడకుండా తల్లిని ఎత్తడం మాలో లేదు. అట్లాగే పొద్దు గుంకనివ్వడమూ లేదు. బండి చప్పుడైనప్పుడల్లా నేను వీధి చివరి దాకా పోయి వస్తున్నాను. మా పెదనాన్న రెండు మూడుసార్లు ఆకాశం వంక చూసి, చివరికి నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంగ చాలప్పా. పొద్దు వాలుతాండాది. మీయమ్మను ఎండలో ఎంతసేపని పెట్టుకుంటావు?" అన్నాడు. ఎత్తాం.

అక్కడ బండి గాలి నింపకుండానే రోడ్డెక్కింది. ఎర్రగుంట్ల దాటిన తర్వాత ఒక మలుపులో ముందు టైరు అంచు రిమ్ము నుంచి ఊడి, బండి రోడ్డు దిగి, చేను చుట్టూ కంచెగా నిలువునా నాటిన నాపరాళ్ళ కడీలను కొట్టుకొని ఆగిపోయింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. దెబ్బలు తగలలేదు కాబట్టి అది మా పేపరుకు వార్త కాదు. ముందు చక్రం ఇరుసు దగ్గర వంగిపోయి బండి మరి కదల్లేదు. అక్క దిగి ఎండలో నడక మొదలుపెట్టింది. చాలా దూరం పోయాక ఒక సిమెంటు లారీ వాళ్ళు ఎక్కించుకున్నారు. ఆమె వచ్చేసరికి మేము శ్మశానం నుంచి తిరిగొచ్చి స్నానాలు చేస్తున్నాం. వాకిలి కడిగేసి ఉంది. ఒంటి నిండా సిమెంటు దుమ్ముతో వచ్చి, అమ్మను పడుకోబెట్టిన చోటు ఏదని అడిగి, ఆ తడి నేల మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. బావ వెనక ఇంకో బండిలో వచ్చి, గడప దాటి లోపలికి రాలేక వీధిలోనే నిలబడిపోయాడు.

తర్వాత ఏళ్ళ తరబడి చుట్టాలు ఆయనను వదల్లేదు. పెళ్ళి పందిళ్ళలో సైతం, ఎనుము కాళ్ళ బండాయన పెండ్లానికి తల్లి ముఖం దక్కనీలేదని ఎత్తిపొడిచేవాళ్ళు. ఆయన తలొంచుకొని వినేవాడు. పాత టైర్లే తిరిగి వేయించుకున్నాడు, ఏట్లోకి బండి దింపడం మానేశాడు. గాలి లేకుండా రోడ్డెక్కకూడదని ఊరందరికీ చెప్పిన మనిషి తానే ఎందుకు ఎక్కాడన్నది నాకూ అర్థమయ్యేది కాదు, అడగడానికి నోరూ వచ్చేది కాదు.

బావ జబ్బు చేసి పోయాక, కర్మకాండలన్నీ అయిన తర్వాత అక్క ఒకరోజు చెప్పింది. ఆ రోజు సాయిబు వచ్చేదాకా కదలనని ఆయన అంగడి మెట్టు మీద కూర్చున్నాడట. ఈమే బండి దిగి పోయి, "ఆడ మాయమ్మను ఎత్తేస్తాంటే నీకు గాలి కావాల్నా? నీ కన్నతల్లయితే ఇట్లే కూచుంటావా?" అన్నదట. ఆయన లేచి బండి తీశాడు. ఆ మాట ఆయన చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. అందరి ఎత్తిపొడుపులూ తన మీదే వేసుకున్నాడు. నేనన్న మాట నేనే చెప్పి ఉండాల్సింది తమ్ముడా, ఒక్కసారి కూడా చెప్పలేకపోతిని అని ఆమె ఏడ్చింది.

ఇప్పుడు ఆ ఊరికి దగ్గరలోనే వంతెన పడింది. పెన్నలో ఇసక కూడా మునుపటంత మిగల్లేదు, లారీలు ఎత్తుకుపోయాయి. వెడల్పు టైర్లు వేసుకొని పిల్లలు కావాలని గుట్టలు వెతుక్కుంటూ పోతున్నారు. చనిపోయినవాళ్ళను చల్లటి పెట్టెలో పెట్టి ఎవరు వచ్చేదాకా అయినా ఆపుతున్నారు, రాలేనివాళ్ళకు ఫోనులో ముఖం చూపిస్తున్నారు. ఎత్తేస్తారన్న భయం ఇప్పుడు ఎవరికీ లేదు. ఈమధ్య మా వీధిలో ఒక పెద్దాయన పోయాడు. మరునాటి దాకా ఉంచారు. వచ్చినవన్నీ పెద్ద బండ్లే, ఒక్కోదాంట్లోంచి ఒకరో ఇద్దరో దిగి, దండ వేసి, చేతి గడియారం చూసుకొని వెళ్ళిపోయారు. నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఆ పెట్టె మోటారు చప్పుడు తప్ప ఆ ఇంట్లో మరో శబ్దం లేదు.