తీతువు గుడ్ల మీద ఎర్ర జెండా

ప్రాణం మీదికి తెచ్చుకోవడానికి పులులూ పాములూ అక్కర్లేదండీ, జానెడు ఎర్ర గుడ్డ చాలు. నమ్మకపోతే ఖరగ్‌పూర్‌లో మా కాలనీవాళ్ళను అడగండి, ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు. ఆ రోజు నేను మాత్రం నిలువునా వణికాను.

అప్పుడు నేను కొత్తగా నాయకుణ్ణి. దేనికంటారా? ఆదివారాలు కాసాయి నది ఒడ్డున చెత్త ఏరి, పిట్టల గూళ్ళు కాపాడే వాలంటీర్లకి. నా మాట వినేవాడు ఒక్కడూ లేడు, అది వేరే సంగతి. ఒడ్డు ఇసుకలో తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. వాటిని ఎవరూ తొక్కకూడదు. తాతా తండ్రీ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన ఇంట్లో పుట్టినవాడికి ఏం తోస్తుంది? ఎర్ర జెండాకి ఎక్స్‌ప్రెస్సే ఆగుతుంది, మనుషులు ఆగరా అనుకుని, పక్కనే వెదురు కర్రకి ఎర్ర గుడ్డ కట్టి పాతి వచ్చాను.

మనుషులు ఆగారు. ఆగి, చెప్పులు విడిచి, దండం పెట్టారు!

మళ్ళీ ఆదివారం వెళ్ళేసరికి మందార పూలు, అగరొత్తులు, తిరునాళ్ళంత జనం. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. నేను కోతిని చేస్తే వినాయకుడొచ్చి కూర్చున్నాడు. తీతువు పైన గిరగిరా తిరుగుతూ అరుస్తోంది. గుంపు ముందు మా అమ్మే, కొబ్బరికాయతో. పక్కన ఫిట్టరుగా రిటైరైన అప్పలస్వామి మావయ్య, చేతిలో తాపీ.

"ఏటి మావయ్యా, ఆ ఇటికెలు?"

"అమ్మోరు ఎలిసినాది, తల్లికి గద్దె కడతన్నాంరా. జెండా మొదట్లోనే."

గుడ్లున్నదీ అక్కడే! నిజం చెబితే ఈ జనం నన్ను ఏట్లో ముంచుతారు. చెప్పకపోతే గుడ్లన్నీ సిమెంటు కింద. మావయ్య ఇటిక ఎత్తాడు.

"ఆగండి! ఆ జెండా నేనే పాతినాను!"

మావయ్య తాపీతో సహా నా మీదికి వచ్చాడు. భయంతో కళ్ళు మూసుకున్నాను. దబ్బుమని చప్పుడైంది. నా వీపు కాదు, ఆయన సాష్టాంగం.

"తల్లి నీ సేత పాతించినాదిరా! నువ్వే పూజారివి. ఏటి సెయ్యాలో సెప్పు!"

"జెండా దగ్గరికి ఎవరూ రాకూడదు, అక్కడ తీతువు గుడ్లున్నాయి," అన్నాను కళ్ళు తెరిచి. "నదిలో ప్లాస్టిక్ కవర్లు ఎయ్యకూడదు."

"ఠీక్ హై!" అన్నారు అందరూ. ఇన్నాళ్ళూ నాయకుడిగా గొంతు చించుకుంటే జరగని పని!

"పూజారి నీసు ముట్టకూడదు," అంది అమ్మ. "పిల్లలెగిరిందాకా సేపల పులుసు బంద్."

పిల్లలు ఎగిరిపోయిన ఆదివారం ఎంతో ఆశగా పులుసు ముందు కూర్చున్నాను.

"లెగు," అంది అమ్మ. "ఆ పిట్ట మళ్ళీ గుడ్లెట్టినాది."

చల్లారిపోయిన ఆ పులుసు సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఇకమీదట ఏ పిట్టకి ఆపదొచ్చినా నేనే వెళ్ళి అడ్డంగా నిలబడతాను గానీ, జెండా పాతను. నిలబడేటప్పుడు ఎర్ర చొక్కా కూడా వేసుకోను.