అంగుళం మసీదు నేల మీద ఎందుకు పడుకుంది

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. సీలింగ్ మేస్త్రి కూతురు పరాయి దేశంలో చదువు మానేసి మతం పుచ్చుకుందట, పొద్దస్తమానం మసీదుల్లోనే ఉంటోందట. నా చెవిన పడేసరికే ఆ మాటకు కాళ్ళూ చేతులూ వచ్చేశాయి. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే పిల్లకు పెళ్ళి చేసి కవలల్ని కూడా కనిపించేవారు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు మాట పుట్టిన చోటికి వెళ్ళాను. ఇస్త్రీ బండి ఆవిడ, మందులషాపు ఆయన చెప్పాడంది. మందులషాపు ఆయన మేనల్లుడు కూడా ఆ పిల్ల ఉన్న ఊళ్ళోనే చదువుతున్నాడు. వాడు పంపిన ఫోటో ఉందట.

"ఏదీ, చూపించు," అన్నాను నేరుగా మందులషాపుకే పోయి.

"ఎందుకులెండి పిన్నిగారూ, పరువుగల కుటుంబం."

"ఆ పరువు వీధంతా చెప్పకముందు గుర్తు రావాల్సింది. ఫోన్ ఇటివ్వు."

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. పిల్ల తలకు గుడ్డ చుట్టుకుని, ఓ పాతకాలపు మసీదు పెద్ద గుమ్మంలో, రాతి నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. పొట్ట మీద అట్ట, చేతిలో పెన్సిలు. నాకు అనుమానం వచ్చి పక్క కొట్లోంచి దర్జీ భాయ్‌ని పిలిచాను.

"భాయ్, మీ నమాజు ఇలా చేస్తారా?"

ఆయన ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒంట్లో బాగాలేనివాళ్ళు పడుకుని కూడా చేసుకోవచ్చమ్మా. కానీ మధ్యలో పెన్సిలెందుకూ?"

మందులషాపు ఆయన గబగబా సీసాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆ పెన్సిలు సంగతే చెప్పాలి. మేస్త్రి పని గదుల పైకప్పులకు పీవోపీతో పువ్వులూ అంచులూ పొయ్యడం. కూతురు ఏడో ఏట ఆయన టేపు పట్టుకుని వీధి మీద పడింది. మా గుమ్మం ఎత్తు కొలిచింది, పిల్లి తోక కొలిచింది, నా నడుం కొలిచి నాలుగిళ్ళకూ చెప్పింది. మనిషి కూడా పిడికెడే కాబట్టి అందరం "అంగుళం" అని పిలిచేవాళ్ళం. పెద్దయ్యాక భవనాల ప్లాన్లు గీయడం నేర్చుకుంది. రెండేళ్ళు ఓ ఇంజనీరు ఆఫీసులో పనిచేసి, పరీక్ష రాసి, పాత కట్టడాలు బాగుచేసే చదువుకు దేశం దాటింది.

అక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో పాత కట్టడం అప్పజెప్పారు. దీనికి అయిదు వందల ఏళ్ళనాటి మసీదు వచ్చింది. దాని గుమ్మం మీద సగం గిన్నెలాంటి కప్పు, దాని లోపల వరసలు వరసలుగా చిన్న చిన్న అరలు. తేనెపట్టును బోర్లించి వేలాడదీసినట్టు ఉంటుందని చెప్పింది. ఆ అరలన్నీ లెక్క తప్పకుండా గీయాలి. నిచ్చెన వెయ్యకూడదు, చెయ్యి పెట్టకూడదు. మొదటిసారి గీసి ఇస్తే పాఠం చెప్పే మేడమ్ ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసిందట. "ఎడమవైపు అరలకూ కుడివైపు అరలకూ పొత్తు కుదరలేదు. ఇలా కడితే మొదటి వానకే నెత్తిన పడుతుంది," అందట. రెండు నెలల్లో మళ్ళీ గీసి ఇవ్వాలి. అదీ తప్పితే సీటు పోతుంది, ఇంటికి వచ్చెయ్యాలి.

అప్పుడు మొదలైంది ఈ తిరుగుడు. తోటి పిల్లలు సెలవురోజున సముద్రానికో సినిమాకో పోతే, ఇది రొట్టెముక్క సంచిలో వేసుకుని పాత మసీదులకూ, రాజుల సమాధులకూ, మదరసాలకూ పోయేది. ఇలాంటి తేనెపట్టు కప్పు ఎక్కడుందని తెలిస్తే అక్కడికి. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసేది. ఆ వేళకు నేను వాళ్ళింట్లో ఉండటం కాకతాళీయం అంటాను. మా ఆయన ఒప్పుకోడు.

"చెప్పులెక్కడ పెడతారే అక్కడ?" అని అడిగాను.

"గుమ్మం దగ్గర వదిలేస్తాం పెద్దమ్మా."

"ఎవరైనా వేసుకుపోతే?"

"నా సైజు ఎవరికి పడుతుందీ!"

"సమాధుల దగ్గర భయం వెయ్యదూ?"

"రాజుగారు పాపం పడుకునే ఉన్నారు. నన్ను ఏడిపిస్తున్నది నాకిచ్చిన మసీదు కప్పులోని అరలు. గేటు దగ్గర నిలబడి లెక్కపెడితే ఆరు వరసలు, స్తంభం పక్క నుంచి చూస్తే ఏడు. ఒకటి ఎక్కడో దాక్కుంటోంది."

వాళ్ళమ్మ కళ్ళు ఒత్తుకుంది. "వచ్చెయ్యవే తల్లీ. ఆ ఇంజనీరు గారు ఎప్పుడొచ్చినా ఉద్యోగం ఇస్తానంటున్నారు."

"ఆ ఏడోది దొరక్కుండా రానమ్మా. పంపించేస్తే అప్పుడు చూద్దాం."

మేస్త్రి ఫోన్లో రెండు మాటలు మాట్లాడితే గొప్ప. ఆ రోజు మోచేతుల దాకా తెల్లపొడితోనే ఫోన్ అందుకున్నాడు.

"ఎక్కడ నిలబడి గీస్తున్నావు?"

"ఎదురుగా నాన్నా. దూరం నుంచీ, దగ్గర్నుంచీ."

"అది గోడా, కప్పా?"

"కప్పే."

"కప్పుని ఎదురుగా నిలబడి చూస్తారుటే? మరి నేను పని ఎక్కడ మొదలుపెడతాను?"

జవాబు నాకు తెలుసు. మా హాలు కప్పుకి పువ్వు వేసినప్పుడు కళ్ళారా చూశాను. మేస్త్రి ముందు కప్పు జోలికి పోడు. పువ్వంతా అసలు కొలతతో నేల మీద సుద్దతో గీస్తాడు. ఆ తర్వాత పైనుంచి దారానికి గుండు వేలాడదీసి, కింది గీతకు సరిగ్గా పైన గుర్తు పెట్టుకుంటాడు. ఆ సుద్ద పువ్వు మీద నేను తడికాళ్ళతో నడిచి ఓ రేకు చెరిపేస్తే పూటంతా నాతో మాట్లాడలేదు.

"నేల మీద," అంది పిల్ల.

"మరి! వాళ్ళూ మేస్త్రులేగా. ఆకాశంలో కూర్చుని గీసుకుని ఉంటారా? సరిగ్గా దాని కింద పడుకుని చూడు."

మర్నాడే పోయి గుమ్మం మధ్యలో పడుకుంది. మసీదు చూసుకునే పెద్దాయన పిల్ల కళ్ళు తిరిగి పడిపోయిందనుకుని చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడట. ఇది లేచి కాగితం చూపించింది. ఆయన కాగితం చూశాడు, కప్పు చూశాడు, పిల్లను చూశాడు. నమాజుకూ నమాజుకూ మధ్య జనం రాని వేళ పడుకోవచ్చన్నాడు. నాలుగు రోజులు అలాగే చేసింది. నేల చల్లదనానికి నడుం పట్టేస్తే కింద పాత పేపర్లు పరుచుకుంది. అలా చూస్తే వరసలన్నీ విచ్చుకున్న పువ్వులా ఒకేసారి కనబడ్డాయట. నాలుగో వరసకూ అయిదో వరసకూ మధ్య, బెత్తెడు వెడల్పున నక్కి కూర్చుంది ఆ దొంగ వరస.

మందులషాపు వారి మేనల్లుడు మసీదు చూడ్డానికొచ్చి ఫోటో తీసింది సరిగ్గా అప్పుడే. "ఏం చేస్తున్నావక్కా" అని అడిగితే వాడి నోటి ముత్యాలు రాలిపోయేవి కాబోలు.

గడువుకు రెండు రోజుల ముందే కొత్త బొమ్మ ఇచ్చింది. మేడమ్ స్కేలు పెట్టి రెండుసార్లు లెక్కచూసి, ఎర్ర పెన్ను మూత కూడా తియ్యకుండా "దీన్ని కట్టొచ్చు" అందట. సీటు నిలిచింది.

ఇదంతా మందులషాపు ముందు నిలబడి నలుగురూ వినేలా చెప్పాను. ఆయన తగ్గితేనా! "మరి పాసైపోయిందిగా పిన్నిగారూ, మొన్న ఆదివారం కూడా అక్కడే కనబడిందట మావాడికి. దానికేమంటారు?"

ఏ సంగతైనా తెలియకపోతే నాకు అన్నం సహించదు. సాయంత్రం వాళ్ళమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

"ఒసే అంగుళం, డొంకతిరుగుడు లేకుండా చెప్పు. బొమ్మ పాసయింది, సీటు నిలబడింది. ఇంకా ఆ మసీదు చుట్టూ ఎందుకు తిరుగుతున్నావు?"

"గీయడం వచ్చింది పెద్దమ్మా, కట్టడం రాలేదు. ఇక్కడ రాలిపోయిన అరల్ని మళ్ళీ పోసే ముసలి మేస్త్రి ఒకాయన ఉన్నాడు. పని నేర్పమని మూడుసార్లు అడిగాను. ఆడపిల్లవి, చిటికెడంత ఉన్నావు, పరంజా ఎక్కలేవు పొమ్మన్నాడు. నాలుగోసారి అడగడానికే పోతున్నా, ఉంటాను మరి."